బందరులో విశ్రాంత జీవితం

ఉద్యోగ విరమణానంతరం ఎక్కడ స్థిరపడాలన్న ప్రశ్నకు సమాధానం వెదుకుతూ, నేనూ నా శ్రీమతీ గత శీతాకాలంలో పది రోజులు మచిలీపట్నంలో గడిపాము.

పారసీకంలో ‘బందర్’ అంటే రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కడి ఓడలు ఎర్ర సముద్రం దాకా సాగి, సరుకులతోపాటు హజ్ యాత్రికులనూ చేరవేసేవి. 1864 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది అసువులు బాశారు. అప్పటికే సన్నగిల్లిన రేవు వ్యాపారం మళ్లీ కోలుకోలేదు. మేము బస చేసిన వీధిలో చాలా ఇళ్లలో పెద్దలే మిగిలారు. పిల్లలు ఉపాధి కోసం హైదరాబాదుకో, గల్ఫు దేశాలకో తరలిపోయారు.

వృద్ధులకు ఈ ఊరు అనుకూలమే. నేల చదునుగా ఉంటుంది; మస్జిదుకు, అంగడికి నడిచే వెళ్లవచ్చు. ప్రతికూలతలూ లేకపోలేదు: వేసవి ఉక్కపోత, తుపాను భయం, భూగర్భ జలాల్లో ఉప్పదనం. 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనా, నా శ్రీమతి గుండెజబ్బుకు చికిత్స చేస్తున్న వైద్యులు ఉన్నది సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడలో.

ఒకనాడు ఒంట్లో నలతగా ఉండి ఫజ్ర్ నమాజుకు వెళ్లలేకపోయాను. తెల్లవారగానే ఇద్దరు వృద్ధులు తలుపు తట్టి, “భాయీ, మస్జిదులో కనబడలేదేం?” అని ఆరా తీశారు. హైదరాబాదులో అబ్బాయి ఇంట నెలల తరబడి ఉన్నా పొరుగువారి పేరైనా మాకు తెలియలేదు. అయితే నా శ్రీమతి మరో సంగతి గుర్తుచేసింది: “అర్ధరాత్రి నాకేమైనా అయితే, డెబ్బై దాటిన ఆ పెద్దలు నన్ను మోయగలరా?”

అందుకే ఇల్లు కొనలేదు. మస్జిదుకు సమీపంలో ఏడాదికి అద్దెకు తీసుకున్నాము. రాత్రివేళ పిలిచినా వచ్చే కారు డ్రైవరుతో ముందే మాట్లాడుకున్నాము. వేసవి, తుపానుల కాలం గడిచాకే తుది నిర్ణయం, ఇన్షా అల్లాహ్. ఇదే ఆలోచనలో ఉన్న పాఠకులు ఊరి ప్రశాంతతను చూసి తృప్తిపడక, ఆపదలో తలుపు తట్టేవారెవరో, ఆసుపత్రికి చేర్చేవారెవరో కూడా విచారించుకోవాలి.