షియా వెన్న, వంటాముదం, మా పాప జుట్టు

మా పాపకి పదకొండేళ్ళు. దాని జుట్టు ఉంగరాలు. ఉంగరాలంటే సినిమావాళ్ళు పార్లర్లో గంటసేపు కూర్చుని చుట్టించుకునే రకం కాదండీ, దువ్వెన పళ్ళు విరిచే రకం. మా జేజికి (అంటే నాయనమ్మ, మా సీమలో జేజి అంటాం) అచ్చం ఇట్లాగే ఉండేది. మా నాయనకి రాలేదు, నాకు రాలేదు, మధ్యలో అందర్నీ దాటుకుని వచ్చి సరిగ్గా దీని నెత్తిన కూర్చుంది.

మొన్న జనవరిలో ఒకరోజు స్కూలు నుంచి వస్తూనే బ్యాగు విసిరేసి "నాన్నా, నాకు స్ట్రెయిట్నింగ్ చేయించు" అంది. ఎందుకమ్మా అంటే చెప్పదే! రెండు రోజుల తర్వాత వాళ్ళమ్మ దగ్గర బయటపడింది. క్లాసులో దానికి పెట్టిన పేరు 'స్క్రబ్బర్'. గిన్నెలు తోముకునే పీచన్నమాట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరా పిల్లలు, రేపే వెళ్ళి టీచర్‌తో మాట్లాడతానని ఇంట్లో వీరంగం వేశాను. మా ఆవిడ అంతా విని "ముందు మీరు మానండి" అంది. ఆదివారం తలస్నానమయ్యాక చిక్కు తీసే డ్యూటీ నాది. తీసీ తీసీ విసుగొచ్చి "ఇది జుట్టా, కొబ్బరి పీచా తల్లీ" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అంటే ఆ బగ్గు మొట్టమొదట చెకిన్ చేసింది నేనే. మా ఆవిడ మాటకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

సరే, స్ట్రెయిట్నింగ్ సంగతేంటో చూద్దామని కూర్చున్నా. వెంట్రుకలో ప్రొటీన్ పోగుల్ని కలిపి ఉంచే గంధకపు బంధాల్ని మందుతో తెంచి, జుట్టు సాపుగా లాగి, మళ్ళీ అతికించడం ఒక పద్ధతి. ఇంకో పద్ధతిలో వాడే మందుల్లో కొన్ని వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదుల్తాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. పదకొండేళ్ళ పిల్లకి ఇదెందుకు? పాపతో బేరం పెట్టుకున్నాను. "నాకు ఆర్నెల్లు టైమివ్వు. అప్పటికీ నీ జుట్టు నీకు నచ్చకపోతే అప్పుడు మాట్లాడదాం." ఒప్పుకుంది. నమ్మి కాదు, వేరే దారి లేక.

ఉంగరాల జుట్టుకి అసలు జబ్బు పొడితనం. తలలో ఊరే నూనె సాపు జుట్టయితే కుదుళ్ళ నుంచి కిందికి జారిపోతుంది. ఉంగరాల మలుపుల్లో అది దిగదు. మాడు జిడ్డు, కొసలు ఎండుగడ్డి. ఇలాంటి జుట్టుతో తరతరాలుగా వేగుతున్నది ఆఫ్రికా ఆడవాళ్ళు కాబట్టి, వాళ్ళేం రాస్తారా అని వెతికితే ప్రతిచోటా ఒకటే పేరు: షియా వెన్న. అర కిలో తెప్పించాను.

ఈ షియా చెట్టు సెనెగల్ నుంచి ఉగాండా దాకా, సహారా ఎడారికి దక్షిణంగా ఉన్న ఎండు మైదానాల్లో పెరుగుతుంది. తోటలెయ్యరు. పొలాల్లో దానంతటదే మొలుస్తుంది, కొట్టకుండా వదిలేస్తారు, కాపుకి రావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. 1790లలో నైజర్ నదిని వెతుక్కుంటూ వెళ్ళిన మంగో పార్క్ అనే స్కాట్లండ్ ఆయన దీన్ని తిని, ఆవు వెన్న కంటే తెల్లగా, గట్టిగా, రుచిగా ఉందని రాసుకున్నాడు. మనకి చుట్టమే లెండి. మన సపోటా, మన ఇప్పచెట్టు, షియా ముగ్గురూ ఒకే కుటుంబం. ఆదిలాబాద్ గోండులు ఇప్పగింజల నుంచి తీసే నూనె కూడా చల్లబడితే ఇలాగే పేరుకుంటుంది.

ఇక నా ప్రయోగాలు. వెర్షన్ 1.0: వంద గ్రాముల షియా, పాతిక గ్రాములు కొట్లో కొన్న ఆముదం. నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, గట్టు మీద చల్లార్చాను. తెల్లారేసరికి రవ్వ! షియాలో రకరకాల కొవ్వులు ఉంటాయి, మెల్లగా చల్లారితే త్వరగా గడ్డకట్టేవి ముందే విడివడి పలుకులు పలుకులుగా తేల్తాయి. నెయ్యి పూసకట్టడం అంటాం చూడండి, అదే. నెయ్యికైతే మెచ్చుకుంటాం, తలకి రాసుకునేదానికైతే తిట్టుకుంటాం. కరిగించగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఈ బాధ లేదు.

వెర్షన్ 1.1లో అతితెలివికి పోయి కలబంద గుజ్జు కలిపాను. పది రోజుల్లో సీసా మూత కింద బూజు. మా ఇంట్లో ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఎంత రాద్ధాంతం జరుగుతుందో చిన్నప్పట్నుంచి చూస్తూ కూడా ఈ తప్పు చేశానంటే నన్నేమనాలి? నీళ్ళున్న దేనికైనా నిల్వమందు కావాలి, ఇంట్లో చేసుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. కలబంద రాయాలంటే ఆ రోజుకి ఆ రోజు కోసుకుని రాసుకోవడమే.

వెర్షన్ 2.0 పాసయింది. మూడు వంతులు షియా, ఒక వంతు ఆముదం, కరిగించి, చల్లబరిచి, సగం గడ్డకట్టాక కవ్వంతో చిలకడం. తల తడిగా ఉన్నప్పుడే శనగగింజంత తీసుకుని అరచేతుల్లో కరిగించి కొసలకి మాత్రమే రాయాలి. మాడుకి వద్దు. ఫిబ్రవరి, మార్చి హాయిగా గడిచాయి. చిక్కు తీసే టైము నలభై నిమిషాల నుంచి పావుగంటకొచ్చింది.

ఏప్రిల్ ఆఖర్లో సెలవులకి ఊరికెళ్ళాం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బెంగుళూరు నుంచి పావగడ మీదుగా పోతాం. ఏడాది మొత్తానికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, అదీ పడితే. ఏప్రిల్, మేలలో ఎండ 42 దాటుతుంది. షియా వెన్న 35 అటూ ఇటూగా కరిగిపోతుంది. నేను చదివిన చదువులో ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అదీ మన టెస్టింగు. ఇల్లు చేరి బ్యాగు తెరిస్తే పాప బట్టలన్నీ నూనె.

మా అమ్మ మిగిలిన సీసా వాసన చూసి "ఏంది నాయనా ఇది, డాల్డానా?" అంది. కాదమ్మా, ఆఫ్రికా నుంచి వచ్చిన వెన్న, తలకి రాసేది అన్నాను. ఆముదం తాగిన మొహం పెట్టి నావంక చూసింది. నమ్మకం కలగడానికి ఫోన్లో ఒక వీడియో చూపించాను, ఉత్తర ఘానాలో ఆడవాళ్ళు షియా తీసేది. గింజలు కొట్టి, పప్పు వేయించి, మెత్తగా నూరి, ఆ ముద్దలో నీళ్ళు పోసి చేత్తో గిలక్కొడతారు. తెల్లగా నురగలా పైకి తేలినదాన్ని తీసి, మళ్ళీ కాచి, తడి ఇగరబెట్టి వడగడతారు.

మా అమ్మ ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి చూసి "ఇదేందప్పా, మన ఆముదం వండినట్లే ఉండాది!" అంది.

నిజమే. వంటాముదం నేను చిన్నప్పుడు చూశాను కానీ బుర్రలో ఈ రెండూ కలవలేదు. మర్నాడు పాపని వెంటబెట్టుకుని కాయలకి బయల్దేరింది. మా చేలో ఆముదం లేదు. ఊళ్ళో ఎవరి చేలోనూ లేదు. పేడదిబ్బ పక్కన దానంతటదే మొలిచిన చెట్టొకటి ఉంది, అంతే. చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షమంటారు, మా ఊళ్ళో ఇప్పుడు ఆ మహావృక్షమూ ఒక్కటే.

వలిచిన విత్తులు రెండు శేర్లు కూడా కాలేదు. పెనం మీద వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దని నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నమంతా ఉడికింది. నూనె పైకి తేలుతుంటే గరిటెతో తీసి ఇంకో గిన్నెలో పోసి, తడి పోయేదాకా చిటపటలాడించింది. ఆ వాసన! ఇల్లంతా, బట్టలంతా, మూడు రోజులు. పాప ముక్కు మూసుకుని కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. (ఆముదం విత్తులు పచ్చివి నమిలితే విషం. ఆ విషం పిప్పిలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు. పిల్లలున్న ఇళ్ళలో విత్తుల్ని మాత్రం జాగ్రత్తగా పెట్టాలి.)

ఒకప్పుడు వేరుశనగ సాళ్ళ మధ్య కంది సాళ్ళు, ఆముదం సాళ్ళు వేసేవాళ్ళు. వేరుశనగ వాన తప్పి మాడిపోయినా లోతుగా వేరు దిగిన ఆముదం ఏదో ఒకటి చేతిలో పెట్టేది. దీపానికి, ఎడ్లబండి ఇరుసుకి, బాలింతకి, తలకి అన్నిటికీ అదే నూనె. 1960ల చివర్లో 'అరుణ' అని ఒక రకం వచ్చింది. అణు రియాక్టర్లో విత్తనాల మీద న్యూట్రాన్లు పంపి, తొమ్మిది నెలల పంటని నాలుగు నెలల్లో కోతకొచ్చేలా మార్చారు. అంత పని చేసిన పంట మా వైపు నుంచి ఎలా పోయిందంటే ఒక్క కారణం చెప్పలేను. వేరుశనగ రేటు బాగున్న రోజుల్లో మధ్య సాళ్ళు దండగనిపించాయి. దాసరి పురుగు పడితే రాత్రికి రాత్రి ఆకులన్నీ ఈనెలే మిగిలేవి. తర్వాత బోర్లొచ్చాయి, డ్రిప్పులొచ్చాయి, చీనీ తోటలు, టమోటాలు వచ్చాయి. ఆముదం గుజరాత్ పంటైపోయింది. ప్రపంచంలో పండే ఆముదాల్లో ఎక్కువ భాగం మన దేశానివే, అందులో ఎక్కువ భాగం గుజరాత్‌వి. మా అమ్మ తలకి రాసుకునేది మాత్రం కొబ్బరినూనె, కొబ్బరిచెట్టు లేని ఊళ్ళో.

కొబ్బరినూనెని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. అది వెంట్రుక లోపలికి దూరి ప్రొటీన్ పోకుండా కాస్త ఆపుతుందని 2003లో మారికో పరిశోధకులే చూపించారు (కొబ్బరినూనె అమ్ముకునే కంపెనీ అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి). ఆముదం పని వేరు. దాని కొవ్వులో నూటికి ఎనభై ఐదుకి పైగా రిసినోలిక్ ఆమ్లం. దానివల్లే వేరుశనగ నూనె కంటే పదింతలు చిక్కగా ఉంటుంది, వెంట్రుక పైన పూతలా నిలుస్తుంది. రాస్తే కొత్త జుట్టు మొలుస్తుందని నేను మాత్రం చెప్పను. దువ్వెన జారుతుంది, విరగడం తగ్గుతుంది, అంతే. ఎక్కువైతే ప్రమాదం కూడా. 2017లో ఒక వైద్య పత్రికలో మన దేశపు అమ్మాయి కేసు వచ్చింది. పొడుగు జుట్టుకి ఆముదం, కొబ్బరినూనె కలిపి పట్టించి తలస్నానం చేస్తే జుట్టంతా పిచ్చుక గూడులా అట్టకట్టి, చివరికి కత్తిరించాల్సి వచ్చిందట. అందుకే ఒక వంతు కంటే మించి కలపొద్దంటున్నా.

రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు మా అమ్మ మళ్ళీ ఆ ఘానా ఆడవాళ్ళ సంగతెత్తింది. "వాళ్ళకి మూటకింత అని ఇస్తారా?"

నాకు తెలిసింది చెప్పాను. ఎక్కువమంది వెన్న తియ్యరు, ఎండబెట్టిన పప్పునే అమ్మేస్తారు. పోయేది ఎక్కువ భాగం తలలకి కాదు, చాక్లెట్లకి. కోకో వెన్న బదులు కొంత వేరే కొవ్వు కలుపుకోవచ్చని యూరప్‌వాళ్ళు 2000లో చట్టం చేసుకున్నారు, నూటికి ఐదు వంతుల దాకా. ఆ జాబితాలో షియా ఉంది, మన మామిడి టెంకలో పప్పు నుంచి తీసే కొవ్వూ ఉంది. కాయలు రాలేది సరిగ్గా పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని నెలల్లో.

"ఆకలి కాలంలో అమ్మితే రేటు యాడ వస్తాదిలే" అంది మా అమ్మ. ఇంకేమీ అడగలేదు. కల్లంలోనే కాయ తూకమేసి షావుకారుకి అప్పజెప్పిన ఏళ్ళు మా ఇంట్లోనూ ఉన్నాయి.

పాప మెలకువగానే ఉంది. "అవ్వా, జేజి జుట్టు నాలాగే ఉండేదా?" అంది. ఫోటో చూపించమంది. మా దగ్గరున్నది ఓటరు కార్డు ఫోటో ఒక్కటే, అందులో జేజి కొంగు నెత్తి మీదికి కప్పుకుని ఉంటుంది, ఒక్క వెంట్రుక కూడా కనబడదు. మా అమ్మ లేచి కూర్చుని రెండు చేతులూ గుండ్రంగా పట్టి చూపించింది. "సచ్చేనాటికీ కొప్పు ఇంత ఉన్నింది మ్మే. ఊళ్ళో ఎవరికీ ల్యాదు."

తిరిగొచ్చేటప్పుడు చిన్న సీసాలో వంటాముదం ఇచ్చింది. వెర్షన్ 3.0లో కొన్న ఆముదం బదులు అదే వేశాను. వాసన ఘోరం, పాపకి మాత్రం అభ్యంతరం లేదట. స్కూల్లో ఆ పేరు పోయిందా అంటే పోలేదు. ఎవరో అన్నారని మొన్న మళ్ళీ మొహం ముడుచుకుని వచ్చింది. ఇంట్లో మాత్రం నేను మానేశాను.

జూలైతో ఆర్నెల్లూ అయిపోయాయి. పాప ఆ ఊసెత్తలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. సీసా అడుగంటింది, అవ్వ ఇంకెప్పుడు వండుతుందని మాత్రం అడుగుతోంది. ఆ ఒక్క చెట్టు కాయలూ అయిపోయాయి. బోరు గట్టున నాలుగు విత్తులు పెట్టినానని మా అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. వాన పడాల.