తాతయ్యకి 'హాజ్' పెట్టొచ్చా?

"అన్నం తిన్నావా?" అంటే "తిన్నాను" అంటాం. పావుగంట కిందట తిన్నా అదే మాట, పోయిన సంక్రాంతికి పుట్టింట్లో తిన్నా అదే మాట. ఎప్పుడన్నది వినేవాళ్లే తేల్చుకోవాలి. ఇంగ్లీషువాడు అలా ఊరుకోడు. తిన్న వేళ చెబితే 'ఎయ్‌ట్', వేళతో పనిలేకుండా కడుపు నిండిన సంగతి చెబితే 'హావ్ ఈటెన్'. 'యెస్టర్‌డే' పక్కన 'హావ్' పెట్టామా, మా బళ్లో బెత్తం లేచేది! అమెరికావాళ్లు మాత్రం ఇంత పట్టింపు లేకుండా 'డిడ్ యూ ఈట్ యెట్?' అనేస్తారు.

మా గుంటూరు వాళ్లకి మిరపకాయలతో చెబితే తేలిక. 'వుయ్ హావ్ పిక్‌డ్ ద చిల్లీస్' అంటే కాయ కోశాం, కల్లంలో ఉంది, బేరగాడు రావచ్చు అని. 'పిక్‌డ్ ఇన్ ఫిబ్రవరి' అంటే ఆ కబురు ఫిబ్రవరితో సరి. కాయ యార్డుకెళ్లిందో, కోల్డ్ స్టోరేజీలో ఉందో ఆ వాక్యానికి అక్కర్లేదు.

కాయలతో పేచీ లేదు. మనుషుల దగ్గరే చిక్కు.

పక్కింటి అక్కయ్యగారి మనవరాలు డల్లాస్‌లో చదువుతోంది. తాతగారి మీద వ్యాసం రాసింది. 'మై గ్రాండ్‌ఫాదర్ హాజ్ గ్రోన్ చిల్లీస్ ఫర్ ఫార్టీ ఇయర్స్.' టీచరమ్మ 'హాజ్ గ్రోన్' కొట్టేసి 'గ్రూ' అని దిద్దిందట. దిద్దడం సబబే. ఆయన పోయి రెండేళ్లయింది. 'హాజ్' అంటే ఇంకా పండిస్తున్నారనే అర్థం వస్తుంది.

"అంత చిన్న ముక్కలో అంతుందా?" అన్నారు అక్కయ్యగారు. ఉందన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మనకైతే 'పండించారు' అంటే చాలు కదమ్మా! మనిషి ఉన్నారో లేరో ఆ మాట చెప్పదుగా" అన్నారు.

ఇంగ్లీషులోనూ ఒక సందుంది లెండి. గురజాడవారు 1915లో పోయారు. 'గురజాడ హాజ్ రిటెన్ కన్యాశుల్కం' అంటే చెవికి నప్పదు. 'కన్యాశుల్కం హాజ్ మేడ్ అజ్ లాఫ్' అనండి, వంక పెట్టేవాళ్లుండరు. మనిషికి చెల్లని 'హాజ్' ఆయన చేసిన పనికి చెల్లుతుంది. తాతగారి మూడెకరాలు పర్చూరు దగ్గర ఇప్పటికీ సాగులోనే ఉన్నాయి. పిల్లకి ఆ సంగతి గుర్తుచేశాను.

మర్నాడు ఫోన్లో చదివి వినిపించింది. 'హీ గ్రూ చిల్లీస్ ఫర్ ఫార్టీ ఇయర్స్. హిజ్ ఫీల్డ్ హాజ్ ఫెడ్ త్రీ జెనరేషన్స్.'

అక్కయ్యగారు రెండో వాక్యాన్ని మళ్లీ చదివించుకున్నారు. మొదటిదాని ఊసెత్తలేదు.