మామ బండికి టైర్లు

మెకానికల్ చదువుతున్నాడని తెలిస్తే చాలు, మా హిందూపురంలో ఆ పిల్లోడి బతుకు అయిపోయినట్టే. మిక్సీ తిరగకపోయినా, ఫ్యాను కిర్రుమన్నా పిలుపు మనకే. మూడేళ్లలో నేను నిజంగా రిపేరు చేసింది అమ్మమ్మ గ్యాస్ లైటర్ ఒక్కటే. అందుకే పోయిన ఏప్రిల్‌లో మామ "అల్లుడూ, బండికి టైర్లు నువ్వే చూడు" అన్నప్పుడు గర్వం కంటే భయమే ఎక్కువేసింది.

మా చిన్నమామ బోరు మోటార్లు పైకి తీసే పని చేస్తాడు. బండి పాత మహీంద్రా క్యాంపర్, నాలుగు చక్రాలూ లాగే రకం. చేతులు మారి వచ్చింది. దాంట్లో మూడుకాళ్ల స్టాండు, చైన్ కప్పీ, ఇనుప పైపులు, కేబులు చుట్టలు, రెంచీలు, ఒక పాత మోటారు ఎప్పుడూ ఉంటాయి. నలుగురు మనుషులు, ఒక నీళ్ల క్యాను, సద్ది అదనం. ఒక్కోసారి మూడు రోజులు ఇంటికి రారు. హిందూపురంలో బయల్దేరి, పెనుకొండ చుట్టుపక్కల రెండు బోర్లు, అక్కడినుంచి ధర్మవరం వైపు ఇంకో రెండు. యూట్యూబులో లడఖ్ పోయేవాళ్లు దీన్నే టూరింగ్ అంటారు. మావాళ్లు కూలి అంటారు.

ఆ రోజు సెలవులని నేనూ వాళ్లతో పోయాను. పొద్దున్నే మామ నాలుగు టైర్లలోనూ గాలి తీశాడు. 35 ఉన్నదాన్ని 28కి తెచ్చాడు. "ఎండాకాలం గాలి తక్కువుండల్ల, లేకుంటే పగుల్తాది" అన్నాడు. అది తప్పని నాకు తెలుసు. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగిన ప్రతిసారీ రబ్బరు కొంత శక్తిని వేడిగా మార్చుకుంటుంది, బరువు ఎక్కువైతే ఇంకా వంగుతుంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఇరవై ఏళ్లుగా బండి నడిపే మనిషికి చెప్పేదానికి నోరు రాలేదు. గమ్మునున్నాను.

సోమందేపల్లి, పెనుకొండ కొండ, ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ అన్నీ దాటి హైవే మీద పోతున్నాం. చెన్నేకొత్తపల్లి దగ్గర ధర్మవరం రోడ్డుకి తిరిగిన కాసేపటికి వెనక ఎడమవైపు దబదబమని శబ్దం. మామ బ్రేకు మీద కాలు పెట్టకుండా బండిని అట్లే రోడ్డు పక్కకి పోనిచ్చాడు. దిగి చూస్తే టైరు పైపొర మొత్తం ఒలిచిన అరటి తొక్కలాగా ఊడిపోయింది. బండి ఊగినప్పుడు పైపు జారి హెల్పరు పిల్లోడి పాదం మీద పడింది. ధర్మవరంలో ఏడు కుట్లు వేశారు. వాడికి పద్దెనిమిదేళ్లు. వాడు ఏడవలేదు, "ఈ రోజు కూలి ఉంటాదా అన్నా?" అని నన్నడిగాడు.

ఆ రాత్రే మామ టైర్ల పని నాకిచ్చింది.

మొదట నా కళ్లు పోయింది మడ్ టెర్రెయిన్ టైర్ల మీదికి, అంటే మనోళ్లు బటన్ టైర్లు అనేవి. ఇంతింత ముక్కలు, మధ్యలో లోతైన గాడులు, చూస్తేనే బండికి మీసం మొలిచినట్టుంటుంది. కానీ ఒక లెక్క వేసుకున్నాను. మామ బండి వంద కిలోమీటర్లు తిరిగితే అందులో బురద ఎంత? రెండో మూడో. అదీ వానాకాలంలో, ధర్మవరం వైపు అక్కడక్కడా ఉండే నల్లరేగడిలో. మిగతాదంతా తారు, గరపనేల, గుండ్రాళ్ల దారి. బటన్ టైరు తారు మీద మోత పెడుతుంది, డీజిల్ తాగుతుంది, తడిరోడ్డు మీద బ్రేకు సరిగా పట్టదు. అట్లని మామూలు హైవే టైరు వేస్తే పదునైన రాళ్లకి కోసుకుంటుంది. మధ్యలో ఉండే ఆల్ టెర్రెయిన్ అనేది మాకు సరిపోయే రకం. పక్కగోడకి కోత పడితే ఏ పంచర్ షాపువాడూ అతుకు వేయలేడు కాబట్టి, డిజైన్ కంటే గోడ మందాన్ని చూడాలని అప్పుడే అర్థమయ్యింది. కంపముళ్ల సంగతి చెప్పక్కర్లేదు, మా జిల్లాలో పంచర్ షాపులు బతికేదే వాటి దయవల్ల.

రెండో పని బరువు కట్టడం. చింతపండు లారీల వెనక వరసలో నిలబడి, పూర్తి లోడుతో, మనుషులతో సహా బండిని వేబ్రిడ్జి ఎక్కించాము. ముందు చక్రాలు ఒక్కటే పెట్టి ఒకసారి, మొత్తం బండి పెట్టి ఒకసారి. కాటా అతను మమ్మల్ని పిచ్చోళ్లని చూసినట్టు చూశాడు. మొత్తం 2,780 కిలోలు, ముందు 1,060. అంటే వెనక ఇరుసు మీద 1,720, ఒక్కో టైరు మీద 860. అదీ సామాను రెండువైపులా సమానంగా ఉంటే. మామ కప్పీ, పాత మోటారు ఎప్పుడూ ఎడమవైపే.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఊడిపోయిన టైరు పక్కన "పీ 235/75 ఆర్ 15 105 ఎస్" అని ఉంది. 105 అంటే 925 కిలోలు మోస్తుంది. మరి 860కే ఎందుకు పోయింది? మొదట్లో ఆ "పీ" అనేది కారు కోసం చేసిన టైరుకి గుర్తు. దాన్ని లోడు బండికి వేస్తే ఆ బరువుని 1.1తో భాగించాలని అమెరికావాళ్ల నియమం. అప్పుడు 841 వస్తుంది. అది కూడా 35 గాలి ఉన్నప్పుడు. మేము 28తో పోయాం. దాని పక్కన అంగట్లో ఉన్న "ఎల్‌టీ" టైరు చూస్తే 104 అని ఉంది, అంటే 900 కిలోలే. అంకె చూసి తక్కువనుకుంటాం. కానీ ఇది లోడు బండి కోసమే చేసింది, ఆరు ప్లై, 50 దాకా గాలి పట్టించొచ్చు, ఎందులోనూ భాగించే పని లేదు. 105 కంటే 104 గట్టిదని మామకి చెప్పేసరికి నాకు గొంతు ఎండిపోయింది. "మీ కాలేజీలో లెక్కలు ఇట్ల చెప్తారా?" అన్నాడు.

టైరు వయసు కూడా చూశాను. పక్కగోడ మీద చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పాతవాటి మీద 3216 అని ఉంది. 2016లో 32వ వారం. మేము ఇంత నమ్ముకున్న టైరు నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పటిది.

మామ మాత్రం వెనక రెండూ మార్చితే చాలన్నాడు. నేను వద్దన్నాను. ఫోర్ వీల్ వేసినప్పుడు ఈ రకం బండిలో ముందూ వెనకా ఒకే వేగంతో తిరగాల్సిందే. కొత్త టైరు గాడి లోతు 10 మిల్లీమీటర్లు, అరిగిన దానిది 3. వ్యాసార్థంలో తేడా 7. చుట్టుకొలతలో 44. అంటే కిలోమీటరుకి ముందు చక్రాలు దాదాపు ఎనిమిది చుట్లు ఎక్కువ తిరగాలి. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. గట్టి రాతినేల మీద జారేదానికి వీల్లేక ఆ మెలితిప్పు అంతా గేర్లూ షాఫ్టుల మీద పడుతుంది. కాగితం మీద గీసి చూపించాను. మామ చాలాసేపు చూసి, "అర్థమయ్యిందిరా. కానీ రెండే" అన్నాడు.

ఎందుకో అత్త చెప్పింది. మిగతా రెండు టైర్ల డబ్బు జూన్‌లో నా హాస్టలుకి కట్టేదానికి పక్కన పెట్టాడట.

నాలుగూ వేయించాం. నేను హాస్టల్ ఖాళీ చేశాను. ఇప్పుడు పొద్దున్నే హిందూపురంలో రైలెక్కి పెనుకొండ, ధర్మవరం మీదుగా అనంతపురం వస్తున్నాను. ఫస్టవర్‌కి నేను ఎందుకు ఆలస్యంగా వస్తానో ఇప్పటికైనా మీకు తెలిసింది కదా.

గాలి గొడవ ఒకటి మిగిలింది. ఒక మీటరు కొని, మామతోనే కొలిపించాను. ఒక రోజు పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెనక టైర్లలో 35 పెట్టి అదే లోడుతో ధర్మవరం పోతే అక్కడ 42 చూపించింది. ఇంకో రోజు 45 పెడితే 49. ఎంత పెరిగితే అంత వేడెక్కినట్టు. ఎక్కువ గాలి పెట్టినప్పుడే టైరు తక్కువ వేడెక్కింది. మామ టైరు మీద చెయ్యి పెట్టి చూశాడు, ఏమీ అనలేదు. గుంతల్లో నడుములు పోతున్నాయని మాత్రం కొన్నాళ్లు తిట్టాడు. చిత్రావతి ఇసకలో దిగబడితే కాసేపు గాలి తగ్గించుకుంటాడు, గట్టునెక్కగానే మళ్లీ పట్టిస్తాడు. కప్పీ కుడివైపుకి మారింది. పైపులకి గొలుసు వచ్చింది. పిల్లోడు నెల తర్వాత పనిలోకి వచ్చాడు, ఆ నెల కూలి మామ ఆపలేదు.

నిన్న రైలు పెనుకొండ దాటేటప్పుడు ఫోన్ మోగింది.

"అల్లుడూ, వెనక ఎడమది 41 చూపిస్తాండాది. రాత్రి 45 పెట్నాను."

"ముల్లు గుచ్చుకునిందేమో చూడు మామా."

"చూస్తాండా. నువ్వు తిన్యావా?"