ఇసుక వెంట ఒక సాయంత్రం

విశాఖపట్నం వన్‌టౌన్ నుంచి సిరిపురానికి దగ్గర దారి జగదాంబ జంక్షన్ మీదుగా. పనీ చిన్నదే. రేవు మీద రాస్తున్న కథనం కోసం ఒక రిటైర్డ్ ఇంజనీరు ఇంట్లో పాత హార్బరు మ్యాపుల నకళ్లు తీసుకుని, సిరిపురంలో ఉన్న ఫొటోగ్రాఫర్‌కు అందించాలి. అతనేమో రాత్రి ఎనిమిది దాకా దొరకనని ఫోన్ చేశాడు. ఇంజనీరు గారు కాఫీ ఇప్పించి, బల్ల మీద మ్యాపు పరిచి, హార్బరు ముఖద్వారం దగ్గర వేలు పెట్టారు. "ఈ ఊరు అర్థం కావాలంటే ఇసుక ఎటు పోతుందో చూడాలి" అన్నారు. ఇసుక పోయేది ఉత్తరానికి. చేతిలో రెండు గంటల సమయం ఉంది. "బీచ్ రోడ్డు మీంచి ఎల్దామేటండి?" అని డ్రైవరే అడిగాడు.

వన్‌టౌన్ ఇప్పుడు నగరానికి ఒక మూల. ఒకప్పుడు నగరమంటే ఇదే. కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం, ఇరుకు వీధుల్లో పెంకుటిళ్లు, వాటి పక్కనే లారీల హారన్లు. హార్బరు కాలవకు ఎదురుగా వరసగా మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, మూడోది రాస్ హిల్, దాని మీద చర్చి. ఏ మతం వాడైనా సముద్రం మీదికి వెళ్లేముందు అటు తిరిగి ఒక దణ్ణం పెట్టుకునేందుకు అనువైన ఏర్పాటు.

కాలవకు ఆవలి గట్టున డాల్ఫిన్స్ నోస్ కొండ. దాని చాటునే, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడి నేలలో 1933లో రేవు వెలిసింది. అలల ధాటిని ఆపేందుకు అప్పట్లో రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముఖద్వారం దగ్గర ముంచేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడల్లోకి ఎత్తేందుకు 1976 నాటికి ఔటర్ హార్బరు, దానికి రాతి గోడలు వచ్చాయి. ఊరికి ఉద్యోగాలిచ్చింది, ఊరిని నగరం చేసింది ఆ రేవే. అయితే నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరం వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత వెనక్కి తెస్తాయి కానీ, ఏడాది లెక్క తీస్తే పైచేయి ఉత్తరానిదే. ఆ దారికి రేవు అడ్డొచ్చింది. ఇసుక దాని దగ్గరే ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న బీచ్ నుంచి మాత్రం అలలు తమ వంతు ఎప్పటిలాగే పట్టుకుపోతాయి.

కోస్టల్ బ్యాటరీ దాటగానే గాలి మారింది. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి ముందు నుంచి జనమే జనం. మురీ మిక్చర్ బళ్లు, మొక్కజొన్న పొత్తుల నిప్పులు, మిరపకాయ బజ్జీల మూకుళ్లు. నూరు రూపాయలకు నలుగురున్న కుటుంబం సాయంత్రమంతా గడిపే చోటు నగరంలో ఇంకొకటి లేదు. కారు నడక కంటే నెమ్మదిగా సాగుతోంది. ఎవరూ విసుక్కోవడం లేదు.

ఈ ఇసుకలో చాలా భాగం దానంతటది వచ్చింది కాదు. ముఖద్వారం దగ్గర పేరుకున్న ఇసుకను రేవు డ్రెడ్జర్లతో తవ్వి, ఈ తీరానికి తెచ్చి పోస్తుంటారు. అలలు ఉచితంగా చేసే రవాణాను యంత్రాలు డీజిలు కాల్చి చేస్తున్నాయన్నమాట. పోసింది చాలని ఏడాది, అలలు రోడ్డు అంచు మట్టినే కొరుకుతాయి. 2014 అక్టోబరు 12న గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఈ రోడ్డు కూడా దెబ్బతింది.

విక్టరీ ఎట్ సీ స్మారకం దాటితే ఐఎన్ఎస్ కురుసుర. 31 ఏళ్లు నీటి కింద తిరిగిన ఈ జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడింది. పిల్లలు దాని పొట్ట కింద ఫొటోలు దిగుతున్నారు. దాన్ని మోస్తున్న నేల గురించి ఆలోచించాల్సిన వయసు కాదు వాళ్లది.

లాసన్స్ బే వైపు తిరిగాక జనం పలచబడ్డారు. పెద జాలారిపేట దగ్గర డ్రైవర్ తనంతట తానే కారు ఆపాడు. అతని మేనమామలది ఈ పేటే. "మా చిన్నప్పుడు తెప్పలు లాగీసి, వలలు ఆరేసినా ఇంకా ఆడుకోడానికి జాగా ఉండేదండి. ఇప్పుడు తెప్ప పెట్టుకోడానికే దెబ్బలాట" అన్నాడు. బీచ్ సన్నబడితే నగరవాసికి పోయేది ఒక షికారు. జాలరికి పోయేది పడవ నిలిపే చోటు, చేపలు ఆరబెట్టే కళ్లం, తుపానుకూ ఇంటికీ మధ్య ఉన్న ఎడం. అయినా డ్రెడ్జర్ ఇసుక ముందుగా చేరేది పర్యాటకులుండే చోటికే. అక్కడినుంచి అలలు దయతలిచి తోసినంతే వీళ్ల వంతు.

కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుంటుంది. 2020 అక్టోబరులో వాయుగుండం ధాటికి బంగ్లాదేశ్ సరకు ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చి రాళ్ల మీదికెక్కింది ఇక్కడే. ఓడను చూడ్డానికి ఊరు ఊరంతా కదిలింది. పెద్ద వస్తువు ఒక్కసారిగా వచ్చిపడితే వార్త. గుప్పెడు గుప్పెడుగా నేల పోతుంటే అది వార్త కాదు. మా వృత్తిలో ఉన్న చిక్కే అది.

విశాఖేశ్వరుడి గుడిని సముద్రం కలిపేసుకుందనీ, ఊరికి ఆ పేరే మిగిలిందనీ ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆ కథకు శాసనాల సాక్ష్యం వెతకడం చరిత్రకారుల పని. కథ ఇన్ని తరాలు నిలవడానికి కారణం మాత్రం తీరం పొడవునా కనిపిస్తుంది. సముద్రం తీసుకుంటుందని ఈ ఊరికి ముందునుంచీ తెలుసు. కొత్తగా తెలుసుకోవాల్సింది, అది తిరిగి ఇచ్చే దారికి మనమే అడ్డుగోడ కట్టామని. రేవును తీసేయలేం, తీసేయమని ఎవరూ అడగడం లేదు కూడా. అడ్డుకున్న ఇసుకను ఏటా లెక్కప్రకారం ఆవలికి చేర్చడం, ఆ లెక్కలో ఆర్కే బీచ్‌తో పాటు జాలారిపేటను కూడా చేర్చడం రేవుకూ నగరపాలక సంస్థకూ అసాధ్యమేమీ కాదు.

చీకటి పడ్డాక డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ కనిపిస్తుంది. దాని కింద ఓడలు వరసలో ఎదురుచూస్తుంటాయి. ఇవతల తీరంలో పిల్లలు తడి ఇసుకతో గుళ్లు కడతారు. అల వచ్చి కూల్చేస్తే మళ్లీ కడతారు. వాళ్లకు కావాల్సిన ఇసుకకు ప్రస్తుతానికి కొదవలేదు.