నురగకూ ఉందో లెక్క!

విశాఖపట్నంలో రాస్ హిల్ ఎక్కితే ఓడరేవు అంతా కళ్లముందే. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. కాస్త పడమరకు చూపు తిప్పితే మల్కాపురం వైపు పొగగొట్టాలు, గుండ్రటి చమురు ట్యాంకులు. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన ఈ రిఫైనరీ 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది.

1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయాన్ని విశాఖవాసులు మరచిపోలేరు. ఎల్‌పీజీ లీకై నిప్పంటుకుంది. మంటలు చమురు ట్యాంకులకూ పాకాయి. సుమారు 60 మంది ప్రాణాలు కోల్పోయారు.

గ్యాస్ మంటను నురగ ఆర్పలేదు. కానీ పెట్రోలు ట్యాంకు అంటుకుంటే మాత్రం అదే దిక్కు. నీళ్లు కొడితే అవి చమురు కిందకు దిగిపోతాయి, పైన మంట మండుతూనే ఉంటుంది. నురగ అయితే చమురు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. గాలి అందనివ్వదు, ఆవిర్లు లేవనివ్వదు.

అయితే ఆ నురగకు పాళ్లు కుదరాలి. 3 శాతం రకమైతే 97 లీటర్ల నీటికి 3 లీటర్ల ఫోమ్ ద్రవం. తగ్గితే దుప్పటి చిరుగుతుంది, మంట మళ్లీ లేస్తుంది. పోనీ ఎక్కువ పోస్తే? గంట రావాల్సిన నిల్వ, 4 శాతం చొప్పున పోతే ముప్పావుగంటకే ఖాళీ! అందుకే 3కి తగ్గకూడదు, 3.9 దాటకూడదని ఎన్ఎఫ్‌పీఏ ప్రమాణం చెబుతుంది.

నీటినీ ద్రవాన్నీ కలిపే పరికరం ప్రపోర్షనర్. నీటి ఒత్తిడి తగ్గినా, వాల్వు సగమే తెరుచుకున్నా, ద్రవం నింపిన రబ్బరు సంచి చిరిగినా లెక్క తప్పుతుంది. బయటికి నురగ మామూలుగానే కనిపిస్తుంది. కంటితో పట్టలేం.

పరీక్షకు వాడేది చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్. చెరకు పక్వానికొచ్చిందో లేదో రసం చుక్కతో చెప్పేదీ ఇదే! ముందుగా అక్కడి నీటితోనే, అదే ద్రవంతో 2, 3, 4 శాతం నమూనాలు కలుపుతారు. ఒక్కో చుక్క గాజుపలక మీద వేసి, వెలుతురుకేసి చూసి, వచ్చిన అంకెలతో గ్రాఫు గీస్తారు. తర్వాత వ్యవస్థను నడిపి, ధార నిలకడగా వచ్చాక నమూనా పడతారు. దాని అంకె గ్రాఫులో ఎక్కడ పడితే అదే అసలు పాలు. విద్యుద్వాహకత కొలిచే మీటరూ ఉంది. కానీ సముద్రపు నీరు వాడే చోట అది పనికిరాదు, ఉప్పే అంకెను మింగేస్తుంది.

పరీక్షలోనూ జాగ్రత్త తప్పదు. పాతరకం నురగల్లోని ఫ్లోరిన్ రసాయనాలు ఏళ్ల తరబడి నేలలో, నీటిలో మిగిలిపోతాయి. కాబట్టి పరీక్షలో వచ్చిన నురగను కాలువలోకి వదలకుండా పట్టి ఉంచాలి. ఇప్పుడు ఫ్లోరిన్ లేని నురగలు వస్తున్నాయి. వీటిలో చాలావాటి ద్రవం చిక్కగా ఉంటుంది. పాత ప్రపోర్షనర్‌లో కొత్త ద్రవం పోసి ఊరుకుంటే కుదరదు. మళ్లీ చుక్క వేసి చూడాల్సిందే. ఆ లెక్క మంట వచ్చాక సరిచూసుకునేది కాదు మరి!