సముద్రపుటంచున కాపురము



సికిందరాబాదులో 22 సంవత్సరములు సేవచేసి, 54వ యేట నేను దివిసీమకు వచ్చితిని. కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమనున్న నేలయే దివిసీమ. నాగాయలంక దాటి సముద్రమువైపున నున్న యొక పల్లెలో మాకు ఇల్లు దొరికినది. “ఇక మీకు విశ్రాంతియే గదా” అని పట్టణపు స్నేహితులు ఫోనులో అనుచుందురు. ఆ విశ్రాంతి యెట్టిదో మీతో చెప్పవలెనని యున్నది.

మొదటి నెలలో నిద్రపట్టలేదు. అచ్చట మా యిల్లు రైలుపట్టాల ప్రక్కనుండెను. బండ్ల చప్పుడునకు అలవాటుపడిన చెవికి ఇచ్చటి నిశ్శబ్దమే పెద్ద చప్పుడైనది. నా భార్యకు నీళ్ల బెంగ. మా పల్లెలో బోరు వేసిన ఉప్పునీరే వచ్చును. త్రాగుటకు కాలువనీటితో నింపుకొను చెరువే ఆధారము. ఆ సంగతి ఆమెయే వ్రాసిన బాగుండును.

నాకు కష్టమైనది గడియారము. పట్టణములో ఆరాధన తొమ్మిదింటికనిన తొమ్మిదింటికే. మా రేవులో పడవలు పాయలో నీరు నిండినప్పుడే కదలును. పోటు దినదినము రమారమి 50 నిమిషములు ఆలస్యమగును. లెక్కవేసి చూడుడు: వారము తిరుగునప్పటికి ఇంచుమించు ఆరు గంటలు! పోయిన ఆదివారము తొమ్మిదింటికి నీరు నిండియున్నచో, ఈ ఆదివారము అదే వేళకు బురద కనబడును. కనుక ఒక వారము మగవారు గుడికి వత్తురు, మరుసటి వారము స్త్రీలు, ముసలివారు మాత్రమే. పట్టణములో రెండు ఆదివారములు రానివాని యింటికి పరామర్శకు వెళ్లెడివాడను. ఇచ్చట రేవునకు వెళ్లుచున్నాను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మర పడవలకు వేట నిషేధము. అప్పుడు గుడి నిండును, కానుకపళ్లెము తేలికగా నుండును. ఆ దినములలో కానుకలను గూర్చి ప్రసంగించు బోధకుడు ఈ పల్లెల నెరుగనివాడని నా అభిప్రాయము.

మా గుడికి దక్షిణమున ఒక తలుపు కలదు. గాలి అటునుండి కొట్టినప్పుడు సముద్రపు హోరులో నా మాట వెనుకవారికి వినబడదు. ఒక ఆదివారము తలుపు మూయమని పిల్లవానితో చెప్పితిని. ఆ తలుపుదగ్గరనే ప్రతివారము కూర్చుండు వృద్ధురాలు లేచి, “మూయొద్దు అయ్యగారూ, అది ఎలా ఉందో నాకు వినబడాలి” అనెను. ఎవరును నవ్వలేదు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె బిడ్డలిద్దరును కొట్టుకొనిపోయిరి. ఆ తుపానులో ఈ తీరమున సుమారు 10,000 మంది మరణించిరి. “ఇప్పుడు ఫోనులో ముందే చెబుతారు, షెల్టరు కూడా కట్టారు, నాకు తెలుసు. అయినా నా చెవి ఊరుకోదు” అని చెప్పినది.

ప్రభువు గాలిని సముద్రమును గద్దించిన సంగతిని పట్టణములో ఎన్నిమారులు ప్రసంగించితినో! ఈ గుడిలో ఎనిమిది నెలలు ఆ భాగము తెరువలేదు. ఆమె యెదుట ఎట్లు చెప్పుదును? తుదకు ఆమెనే అడిగితిని. ఆమె చాలసేపు వల దారము పేనుచు కూర్చుండి, “ఆ పడవలో వాళ్లు అరిచారు కదా అయ్యగారూ. నేనూ అరిచాను. అది కూడా చెప్పండి” అనెను.

నవంబరు మూడవ ఆదివారమున చెప్పితిని. గాలి దక్షిణమునుండియే వీచుచుండెను. తలుపు కొట్టుకొనకుండ పిల్లలు రాయి అడ్డుపెట్టిరి. నేను గొంతు హెచ్చించి చదివితిని.