మా యింటి క్రొత్త ప్రాణి

వానకాలపు వరికోతల దినములలో మా నస్రుల్లాబాదు పొలముగట్టున నొక కుక్క గడ్డివామి చాటున నీని, పిల్లలకు నెల నిండకమునుపే లారీక్రింద బడి చచ్చెను. మాది నిజాంసాగరు నీటితో పండు సీమ. కోతలనాడు ధాన్యపు బండ్లకు అంతుండదు. ఆ పిల్లలలో నొకదానిని మా చిన్నవాడు చొక్కాలో దాచి యింటికి దెచ్చెను.

“వాకిట నుంచిన నుంచుము. వంటింటి గడప మాత్రము దాటరాదు” అని మా యత్తగారు తీర్పు చెప్పిరి.

కుక్కపిల్ల తల్లికడ ఎనిమిది వారములైన నుండవలెను. దీని కా భాగ్యము లేకపోయెను. మొదటిరాత్రి వాకిట గట్టితిమి, తెల్లవార్లు నేడ్చెను. ఆకలి యనుకొని గిన్నెడు గేదెపాలు పోసితిని. ఉదయమునకు విరేచనములు పట్టుకొనెను! పశువైద్యుడు మందలించి, కుక్కపిల్లల కొరకే యమ్ము పాలపొడిని, నులిపురుగుల మందును వ్రాసియిచ్చెను. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కలకు విషమని నాకు నాడే తెలిసినది. మరునాటి రాత్రి అట్టపెట్టెలో నా పాతచీర పరచి, గోరువెచ్చని నీళ్లసీసాకు గుడ్డచుట్టి ప్రక్కనుంచి, పెట్టెను నా మంచముకడకు జరుపుకొంటిని. చేయి క్రిందికి వ్రేలాడవేయగా దానిపై మూతి యానించి నిద్రించెను.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. నాలుగవనాడు అది చాపపై మూత్రము పోయగా, చీపురుతో గొట్టితిని. దినమంతయు మంచముక్రిందనుండి రాలేదు. ఆదిపర్వములో సరమ కథ మీ రెరుగుదురు గదా! తన బిడ్డను నిష్కారణముగా గొట్టిరని ఆ తల్లి జనమేజయుని కడకే వచ్చి యడిగెను. దీని తరఫున నడుగుటకు తల్లియైనను లేదు. నాటినుండి చీపురు ముట్టలేదు. నిద్ర లేవగానే, తిన్నవెంటనే, ఆట ముగియగానే పెరటిలోనికి గొనిపోయి, అక్కడ పని కానిచ్చినప్పుడు మెచ్చుకొనుచుంటిని. మూడువారములలో నేర్చుకొనెను.

అంతలో నొకనాడు ఆటలో దాని పాలపండ్లు చిన్నవాని చేతిని గీచినవి. రక్తము రాలేదు. అత్తగారు పసుపు, కారము తెచ్చిరి. నేను వలదని, గడియారము చూచుచు పదునైదు నిమిషములు సబ్బుతో నీటిధార క్రింద గడిగి, బాన్సువాడ ఆసుపత్రికి బయలుదేరితిని. “పాలుత్రాగు పిల్లకు పిచ్చి యేమిటి?” అని పొరుగావిడ నవ్వెను. కాని పిల్లకు రేబీసు సూది మూడునెలలకు గాని వేయరు. తల్లి సంగతి యెవరికి దెలియును? ఆ వ్యాధి లక్షణములు పొడసూపినచో బ్రతుకుట లేనట్లే. బస్సులో వానికి, 1885లో పాస్చరు పండితుడు పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునకు సూదులు వేయించి కాపాడిన కథ చెప్పితిని. “వాడేడ్చెనా?” అని మాత్రమే యడిగెను.

మొదటినాడు, మూడవనాడు, ఏడవనాడు, ఇరువదియెనిమిదవనాడు — ఆ తేదీలను అత్తగారే పంచాంగములో గుర్తుపెట్టుకొని, ఒక్కటియు తప్పనీయలేదు.

కడపటి సూది వేయించి వచ్చుసరికి మధ్యాహ్నమైనది. కుక్కపిల్ల వంటింటి గడప దాటలేదు. అత్తగారే గడప దాటి వచ్చి, దానిప్రక్క గూర్చుండి, జొన్నరొట్టె తుంచి పెట్టుచుండిరి.